మోడ్‌బస్

కర్మాగారాల్లోని మీటర్లు, మోటార్లు, సెన్సర్లు కంట్రోలర్‌తో సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతుల్లో బాగా పాతది, ఇప్పటికీ విరివిగా వాడుకలో ఉన్నది మోడ్‌బస్. అమెరికాకు చెందిన మోడికాన్ సంస్థ 1979లో తన పీఎల్‌సీల (యంత్రాలను నడిపే కంట్రోలర్ల) కోసం దీన్ని రూపొందించింది. నియమాలు తేలికైనవి కావడంతో ఇతర తయారీదారులూ దీన్నే చేపట్టారు.

ఒకే జత తీగలపై ఎన్నో పరికరాలు ఉంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 247 లోపు ఒక చిరునామా. కంట్రోలర్ అడగనిదే ఏ పరికరమూ పలకదు. ఉదాహరణకు, 5వ నంబరు విద్యుత్ మీటరుకు వెళ్లే సందేశంలో ముందు ఆ నంబరు, తర్వాత ‘చదువు’ అని చెప్పే కోడ్ 3, ఆపై ఏ రిజిస్టరు (పరికరంలో విలువ ఉండే గడి) నుంచి ఎన్ని చదవాలో, చివర తప్పులు పట్టే రెండు బైట్లు ఉంటాయి. మీటరు 2305 అని జవాబిస్తుంది. అది 230.5 వోల్టులని సందేశంలో ఎక్కడా ఉండదు. తయారీదారు ఇచ్చిన పట్టిక చూసుకోవాల్సిందే. కొత్తవారు తడబడేది ఇక్కడే. కోడ్ 6తో రిజిస్టరు విలువ మార్చవచ్చు, 5తో రిలేను ఆన్, ఆఫ్ చేయవచ్చు.

ఈథర్నెట్‌పై నడిచే మోడ్‌బస్ టీసీపీ 502 పోర్టును వాడుతుంది. అసలు ప్రమాణంలో పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు. ఆదేశం ఎవరు పంపినా పరికరం పాటిస్తుంది. 2024 జనవరిలో ఉక్రెయిన్‌లోని లివివ్‌లో జరిగింది ఇదే. ఫ్రాస్టీగూప్ అనే మాల్‌వేర్ మోడ్‌బస్ ఆదేశాలతోనే తాపన వ్యవస్థ కంట్రోలర్లను తప్పుదోవ పట్టించింది. 600కు పైగా అపార్ట్‌మెంట్ భవనాలకు గడ్డకట్టే చలిలో దాదాపు రెండు రోజులు వేడి అందలేదు. టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి రక్షణతో కూడిన మోడ్‌బస్ రూపం 2018లో వచ్చినా, పాత పరికరాలకు అది పనికిరాదు. వాటిని ఇంటర్నెట్‌కు దూరంగా, ఫైర్‌వాల్ వెనకే ఉంచాలి.