ఒక వెండి టీ సెట్టు వంశచరిత్ర

గవర్నర్‌పేటలో పాతకాలపు ప్లీడరు గారి ఇల్లు ఒకటి అపార్టుమెంట్ల కోసం పడగొడుతున్నారు. ఆ ఇంటివారు నాకు చిరకాల మిత్రులు. అంచేత సామాను పంచుకునే రోజున నేనూ వెళ్ళాను. భోషాణంలోంచి ఇంగ్లీషు వెండి టీ సెట్టు పైకి తీశారు. టీ కూజా, పాల జగ్గు, చక్కెర గిన్నె, వీటిని పెట్టే పెద్ద పళ్ళెం. “కృష్ణ ఆనకట్ట కట్టిన దొర మా ముత్తాతగారికి స్వయంగా ఇచ్చింది” అని పెద్దాయన ఎప్పటిలాగే అన్నారు. ఈ మాట నాకు కొత్త కాదు. పాతికేళ్ళ కిందట నేను రాసిన కథ ఒకటి పూర్తిగా ఈ మాట మీదే నిలబడింది. ఆ కథను మెచ్చుకున్నవారు కొందరు ఇప్పటికీ ఉన్నారు కనుక ఈ వ్యాసం రాయవలసి వస్తోంది.

ఇంగ్లీషు వెండి తన పుట్టుక తానే చెబుతుంది. 1300లో మొదటి ఎడ్వర్డు చేసిన శాసనం ప్రకారం వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు వెండి ఉంటే తప్ప ఆ దేశంలో వెండి వస్తువు అమ్మకూడదు. లండన్ కంసాలుల సంఘం వారి గోల్డ్‌స్మిత్స్ హాలులో పరీక్షించి వేసే ముద్ర కనుక హాల్‌మార్క్ అయింది. చిరుతపులి తల లండన్ గుర్తు. 1478 నుంచి ఏడాదికొక అక్షరం, 1544 నుంచి నడిచే సింహం చేరాయి. 1773లో బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ పట్టణాలకు సొంత పరీక్షాలయాలు వచ్చాయి. బర్మింగ్‌హామ్‌కు లంగరు గుర్తు, షెఫీల్డ్‌కు అప్పట్లో కిరీటం గుర్తుగా ఉండేది. వీటి పక్కన తయారు చేసినవాడి పొడి అక్షరాలుంటాయి. రచయితలు ముఖ్యంగా గమనించవలసిన ముద్ర మరొకటుంది. 1784 నుంచి 1890 దాకా వెండి సామాను మీద ప్రభుత్వం పన్ను వసూలు చేసింది. పన్ను కట్టినట్టు రశీదుగా రాజు తలో, రాణి తలో వస్తువు మీదే ముద్రించేవారు.

భూతద్దం తెప్పించి కూజా అడుగు చూశాను. లంగరుంది, సింహముంది, అక్షరముంది. రాణి తల లేదు. అక్షరాన్ని పట్టికతో పోల్చి చూస్తే అది ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల సరుకని తేలింది. కాటన్ పథకం ప్రకారం చార్లెస్ ఆర్ బెజవాడ ఆనకట్ట పని 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేశాడు. ఆ దొర ఇవ్వడానికి అప్పటికి ఈ కూజా పుట్టలేదు! పళ్ళెం సంగతి ఇంకా అన్యాయం. దాని అడుగున ఇ.పి.ఎన్.ఎస్. అన్న అక్షరాలున్నాయి. అంటే రాగి, తుత్తునాగం, నికెల్ కలిపిన లోహం మీద విద్యుత్తుతో వెండి పూత పూసింది. బర్మింగ్‌హామ్ ఎల్కింగ్టన్‌లు 1840లో పేటెంటు పుచ్చుకున్న పద్ధతి ఇది. ఆ లోహాన్నే మనవాళ్ళు జర్మన్ సిల్వర్ అంటారు. అందులో సిల్వర్ పేరులోనే ఉంది.

కూజా పొట్ట మీద ప్లీడరు గారి పేరు చెక్కి ఉంది. ఆ చోట బొటనవేలితో తడిమితే కొంచెం పల్లంగా తగిలింది. దగ్గరగా పెట్టి నోటి ఆవిరి ఊదాను. పేరు చుట్టూ మరేవో గీతలు క్షణంపాటు తేలి మాయమయ్యాయి. పాత యజమాని చిహ్నాన్ని అరగదీసి దాని మీద కొత్త పేరు చెక్కించారన్న మాట. కొలువు ముగించుకుని సీమకు వెళ్ళిపోయే దొరలు ఇక్కడి ఇంటి సామాను వేలం వేసి పోవడం ఆనాటి వాడుక. ఈ సెట్టు అలాంటి వేలంలోనే వచ్చి ఉంటుందని నా ఊహ. కొన్నామని చెప్పుకోవడంలో గొప్ప లేదు. దొర చేతి మీదుగా వచ్చిందనడంలో ఉంది.

అయితే ఆ కుటుంబం ఆనకట్టనే ఎందుకు పట్టుకుంది? అబద్ధమని తోసిపుచ్చితే విమర్శకుడి పని తీరదు. వాళ్ళ కలిమి నిజంగా ఆనకట్ట నీళ్ళలోంచే వచ్చింది. కాలవలు పారాక మెట్ట మాగాణి అయింది, భూముల ధర పెరిగింది, ధరతోపాటు తగాదాలు పెరిగాయి, తగాదాలతో ప్లీడర్ల ఫీజులు పెరిగాయి. ఫీజుల కింద భూములే చేతికొచ్చాయి. ఈ లెక్కంతా చెప్పుకోవడం ఇబ్బంది కనుక కుటుంబం ఒక దొరను, ఒక బహుమానాన్ని తెచ్చిపెట్టుకుంది. రాళ్ళు మోసిన కూలీలు ఆ కథలో లేరు. నా కథలోనూ లేరు. వెండి పళ్ళేల మెరుపును వర్ణిస్తే జమీందారీ వాతావరణం వచ్చేసిందనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. అందులో నేనూ ఒకణ్ణి.

ఈ లోహం మన తీరానికి కొత్తగా వచ్చింది కాదు. 1611లో మచిలీపట్నంలో దిగిన ఇంగ్లీషు కంపెనీ మన నేతబట్టలు కొనడానికి ఓడల్లో వెండి తెచ్చేది. ఐరోపాకు చేరిన వెండిలో పెద్ద భాగం స్పానిష్ అమెరికాది. పొటోసీ గనుల్లో ఇండియన్ల చేత వెట్టి చేయించి తవ్వించినది అందులో ఉంది. 1765లో బెంగాలు దివానీ చిక్కాక కంపెనీకి అంత వెండి మోసుకొచ్చే అవసరం తప్పింది. మన శిస్తుతోనే మన సరుకు కొన్నది. ఒకనాడు నేతగాడి కూలికి వచ్చిన లోహం తరవాత దొరల టీ కూజాగా వచ్చింది.

ఆ ఇంట్లో ఆ కూజాలో టీ తాగినవారెవరూ లేరు. కలెక్టరు వచ్చినప్పుడు బయటికి తీసేవారు. దొర నోరు తగిలిందని మళ్ళీ వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. ఇంటివారి కాఫీ ఇత్తడి గ్లాసుల్లోనే. కూజాను తోమింది మాత్రం ఒకే కుటుంబపు ఆడవాళ్ళు, మూడు తరాలుగా, చింతపండు, బూడిద పెట్టి. కింది సింహం మొహం అరిగిపోయింది వాళ్ళ చేతుల కిందే. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం భూమి గురించి మాట్లాడింది, భోషాణాల గురించి కాదు. అందుకే ఇలాంటి సెట్లు ఇంకా అక్కడా ఇక్కడా బయటపడుతున్నాయి.

నేను చెప్పినదంతా విని పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. “అయితే తూకానికే ఇచ్చేద్దామా?” అని చెల్లెలు అడిగింది. సాయంత్రం వన్‌టౌన్ నుంచి వ్యాపారి వచ్చాడు. కూజా, జగ్గు, గిన్నె కాటాలో వేసి, కరిగిస్తే ఎంత తరుగు పోతుందో లెక్క చెప్పి, పట్టుకుపోయాడు. పళ్ళెం పుచ్చుకోలేదు. దాన్ని తోమిన ఇంటి ముసలమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. పెద్దాయన అది ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ తిప్పి చూసి, “ఇది ఎప్పుడూ సరిగ్గా తెల్లబడేది కాదు బాబూ” అంది.