గాజులు కాపాడిన గుమాస్తా

మొన్న వేసవిలో రాజమండ్రి నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, నా గాజులు తాకట్టు పెట్టమంటావా, వద్దంటావా? నువ్వే చెప్పు" అంది.

తాకట్టు అన్న మాట వినగానే నా గుండె గుభేలుమంది. మా బావగారు పోయిన తరువాత అది ఆవకాయ, మాగాయ, కందిపొడి చేసి అమ్ముకుంటూ సంసారం లాక్కొస్తోంది. కొడుకేమో ఇంజనీరింగు చదివినవాడు. "మన పచ్చళ్ళకు ఓ మొబైల్ యాప్ ఉండి తీరాలి" అని పట్టుబట్టాడు. చేసిపెడతామన్నవారు మూడు లక్షలు అడిగారు. ఆ మూడు లక్షలకూ తల్లి చేతి గాజులే ఆధారం.

ప్రోగ్రాములు రాయడమే నా వృత్తి గనుక, మరునాడే రైలెక్కాను.

భోజనాలయ్యాక మేనల్లుణ్ణి కూర్చోబెట్టి అడిగాను. "ఒరేయ్, నీ ఫోనులో యాప్‌లు ఎన్ని ఉన్నాయి?"

"అరవై దాకా ఉంటాయి మామయ్యా."

"నిన్నటి నుంచి తెరిచినవి ఎన్ని?"

వాడు వేళ్ళమీద లెక్కపెట్టి, "ఆరు" అన్నాడు.

"మరి ఆ ఆరింటి మధ్య మీ అమ్మ ఆవకాయకు చోటేదిరా?"

వాడు మాట్లాడలేదు.

పాఠకులు ఒక్కసారి ఆలోచించండి. 2008 జూలైలో ఆపిల్ వారు తమ యాప్‌ల అంగడి తెరిచినప్పుడు అందులో ఉన్నవి 500 మాత్రమే. ఇప్పుడు లక్షలు. ఆ జనసమ్మర్దంలో మన దుకాణాన్ని వెదికి పట్టుకోవాలి, దింపుకోవాలి, పేరు నమోదు చేసుకోవాలి, రహస్యపదం గుర్తుంచుకోవాలి. ఇంతా ఒక కిలో మాగాయ కోసం! పైగా ఆండ్రాయిడ్ ఫోన్లకు ఒకటి, ఐఫోన్లకు ఒకటి సిద్ధం చేయాలి. ఆపిల్ వారికి ఏటా 99 డాలర్లు చెల్లించాలి. ఫోన్లలో మార్పులు వచ్చినప్పుడల్లా మళ్ళీ మరమ్మతు. ఇల్లు కట్టడంతో ఖర్చు తీరదు, ఏటా సున్నం వేయించాలి కదా!

చాట్‌బాట్ సంగతి వేరు. అది కొత్త దుకాణం కాదు, జనం రోజూ మాట్లాడుకునే వాట్సాప్‌లోనే మనం కూర్చోబెట్టే గుమాస్తా. "ఆవకాయ కావాలి" అని రాస్తే ధర చెబుతాడు. ఎన్ని కిలోలో, ఏ చిరునామాకో అడుగుతాడు. డబ్బు చెల్లించే దారి చూపిస్తాడు. అర్ధరాత్రి అమెరికా నుంచి మనవాళ్ళెవరైనా రాసినా విసుక్కోడు. యాప్ దింపుకోవడం చేతగాని బామ్మగారికి కూడా మనవరాలికి "తిన్నావా?" అని రాయడం వచ్చు. ఆవిడకు అంతకన్నా వేరే విద్య అక్కర్లేదు.

ఈ గుమాస్తా నిన్న మొన్న పుట్టినవాడు కాడు. అమెరికాలో ఎం.ఐ.టి.లో వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు 1966లోనే 'ఎలైజా' అనే మాట్లాడే ప్రోగ్రామును లోకానికి చూపించాడు. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న వాట్సాప్‌లో 'మన మిత్ర'ను ప్రారంభించినప్పుడు మొదటి విడతలోనే 161 సేవలు పెట్టింది.

"ఇదే మేలైతే అందరూ యాప్‌లు ఎందుకు చేయిస్తున్నారు మామయ్యా?" అన్నాడు వాడు. న్యాయమైన ప్రశ్నే. దారి చూపే పటాలకు, ఆటలకు, బొమ్మలు దిద్దే పనికి, నెట్ లేనిచోట నడవవలసిన వాటికి యాప్ ఉండవలసిందే. పైగా వాట్సాప్ మనకు అద్దె కొంప. కొనేవారు పలకరిస్తే 24 గంటలలోపు స్వేచ్ఛగా జవాబివ్వవచ్చును గాని, మనంతట మనం పంపే ప్రచారాలకు రుసుము ఉంది. ఇంటివారు రేపు నిబంధనలు మార్చవచ్చు. అందుచేత కొనేవారి చిరునామాలు, ఖాతాలు మన పుస్తకంలోనూ ఉండాలని చెప్పాను.

మరొక హెచ్చరిక కూడా చేశాను. గుమాస్తా తెలియనిది తెలిసినట్లు చెప్పకూడదు. ఎయిర్ కెనడా సంస్థ చాట్‌బాట్, బామ్మ పోయిన దుఃఖంలో ఉన్న ప్రయాణికుడికి టిక్కెట్టు రాయితీ గురించి తప్పు చెప్పింది. ఆ మాటకు సంస్థే బాధ్యురాలని 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ తేల్చి, అతనికి పరిహారం ఇప్పించింది. కనుక మన గుమాస్తా పట్టికలో ఉన్న ధరలే చెప్పాలి. "మధుమేహం ఉన్నవారు బెల్లమావకాయ తినవచ్చా?" వంటి ప్రశ్న వస్తే, "అమ్మగారితో మాట్లాడండి" అని తప్పుకోవాలి.

మేనల్లుడు పదిహేను రోజులు కూర్చుని తానే తయారు చేశాడు. గాజులు బ్యాంకు గడప తొక్కలేదు.

పోయిన వారం చెల్లెలు మళ్ళీ ఫోను చేసింది. "గుమాస్తా బాగానే పనిచేస్తున్నాడు గాని అన్నయ్యా, నిన్న ఒకావిడ మాగాయలో ఉప్పెక్కువైందని రాస్తే, 'చాలా సంతోషం' అన్నాడట! కాస్త చూడు" అంది.

చూస్తానన్నాను. జాడీ సర్దుతోంది కాబోలు, ఫోనులో గాజుల చప్పుడు వినిపించింది.