చురుకైన పిల్లలకు వేసవి శిబిరాలు: దాతల సాయం ఎక్కడ అవసరం?

మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల బడుల్లో కొందరు పిల్లలు పాఠ్యపుస్తకాన్ని సంవత్సరం సగంలోనే చదివేస్తారు. టీచరు ఒక లెక్క చేసి చూపిస్తే ఇంకో పద్ధతి లేదా అని అడుగుతారు. వేసవి సెలవులు రాగానే ఆ తెలివికి పని ఉండదు. మిరపకాయల తొడిమలు తీసే చోట మాత్రం పని దొరుకుతుంది. ఆ కూలి డబ్బు ఇంటికి అవసరం కనుక తల్లిదండ్రులను తప్పుపట్టలేము. కాని పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, చదువు మీద ఆశ నిలబడేదీ సడలిపోయేదీ ఇప్పుడే.

ఇలాంటి పిల్లను మంచి శిబిరానికి పంపాలంటే చాలా డబ్బు కావాలని దాతల్లో పలువురు అనుకుంటారు. నిజానికి దేశంలోని మేలైన శిబిరాలు కొన్నింటికి ఫీజే లేదు. మన పిల్లలు అక్కడిదాకా చేరడానికే ఖర్చవుతుంది.

ఇస్రో 2019లో ప్రారంభించిన 'యువిక' ఇందుకు మంచి ఉదాహరణ. జనవరి 1 నాటికి తొమ్మిదో తరగతి చదువుతున్నవారు దీనికి అర్హులు. మే నెలలో దాదాపు రెండు వారాల పాటు శ్రీహరికోట, హైదరాబాద్ వంటి ఇస్రో కేంద్రాల్లో ఉంచి, శాస్త్రవేత్తలతో పాఠాలు చెప్పిస్తారు, ప్రయోగశాలలు చూపిస్తారు. వసతి, భోజనం, ప్రయాణ ఖర్చులు ఇస్రోవే. 2025 ఎంపికలో ఎనిమిదో తరగతి మార్కులకు 50 శాతం, పంచాయతీ పరిధిలోని గ్రామీణ బడిలో చదువుతున్నందుకు 15 శాతం వెయిటేజీ ఇచ్చారు. ఆన్‌లైన్ క్విజ్, సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్, క్రీడలు, స్కౌట్స్ వంటివాటికి మిగిలిన మార్కులు. అంటే పల్లె బడి మన పిల్లలకు లోటు కాదు, బలం.

రెండో దారి జూనియర్ సైన్స్ ఒలింపియాడ్. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల సంఘం ఐఏపీటీ నవంబరులో తొలి పరీక్ష పెడుతుంది. పై దశలు దాటిన కొద్దిమందికి ముంబైలోని హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రంలో శిబిరం ఉంటుంది. పోటీ గట్టిదే. అయినా దానికోసం చదివిన చదువు పిల్లలకు మిగులుతుంది.

ఇంటి దగ్గర దొరికేవీ తక్కువేమీ కాదు. గ్రంథాలయాల్లో జరిగే వేసవి విజ్ఞాన శిబిరాలకు రుసుము ఉండదు. జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రిక, దాని పేరిట జరిపే ప్రతిభా పరీక్ష తెలుగు మాధ్యమం పిల్లలకు మంచి ప్రారంభం. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా 12,000 రూపాయల ఉపకార వేతనం వస్తుంది. ఇది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకు మాత్రమే. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1979లోనే ఇలాంటి పిల్లల కోసం ఒక కేంద్రం నెలకొల్పింది. తరగతికి మించిన పరీక్ష పెట్టి పిల్లలను గుర్తించడం దాని పద్ధతి. అక్కడి వేసవి కోర్సుల ఫీజు వేల డాలర్లు. ఆ ఫీజు మన వల్ల కాదు, ఆ పద్ధతి మాత్రం మనమూ పాటించవచ్చు. ఏడో తరగతి పిల్లకు తొమ్మిదో తరగతి లెక్కలు ఇచ్చి చూడటానికి కాగితం ఖర్చు చాలు.

ఇక దాతల సాయం అవసరమైన చోట్లు ఇవి. ఒకటి, దరఖాస్తు. 2025లో యువిక గడువు ఫిబ్రవరి 24 నుంచి మార్చి 23 వరకు. అది మిరప కోతల కాలం, అందులో ఎక్కువ రోజులు రంజాన్ నెల. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లకు ఆ నెలలో ఎవరో ఒకరు పక్కన కూర్చుని ఫారం నింపించాలి. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా లేకపోతే ముందే సరిచేయించాలి. రెండు, ప్రయాణం. టిక్కెట్లు చూపితేనే ఇస్రో ఛార్జీలు ఇస్తుంది కనుక ముందు చేతిలో డబ్బుండాలి. మూడు, ఆడపిల్లకు తోడు వెళ్లే తల్లి లేదా అన్న కోల్పోయే కూలి. నాలుగు, మంచి సూట్‌కేసు కాకపోయినా రెండు జతల బట్టలు, ఒక జత బూట్లు. జకాత్ సొమ్ము అర్హురాలైన పేద విద్యార్థిని చేతికే చేరాలి. శిక్షణ హాలు, ఇంటర్నెట్ వంటి ఉమ్మడి ఖర్చులకు సదఖా, సాధారణ విరాళాలు వాడితే లెక్క శుభ్రంగా ఉంటుంది.

ఫీజు అడిగే శిబిరం ఎదురైతే డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు కనుక్కోండి. పాఠం చెప్పేది ఎవరు? పిల్లలు స్వయంగా చేసే పని ఎంత? పేద విద్యార్థికి ఫీజు మినహాయింపు ఉందా? ఆడపిల్లల వసతి బాధ్యత ఎవరిది? వచ్చే ఏడాది పాఠాలే ముందుగా వల్లె వేయించే చోటు ట్యూషనే అవుతుంది, శిబిరం కాదు.

ఎంపిక కాని పిల్లలే ఎక్కువమంది ఉంటారు. వారికి శ్రీహరికోట రాకెట్ ప్రయోగాన్ని చూపవచ్చు. 2019 నుంచి ప్రజలకు అక్కడ వీక్షణ గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఒంగోలు నుంచి సూళ్లూరుపేటకు రైలు దారి నేరుగా ఉంది.

మీ ఊరి బడికి వెళ్లి, ఎనిమిదో తరగతి టీచరును ఒక్క ప్రశ్న అడగండి: "మీ క్లాసులో మీకంటే ముందు లెక్క చేసే పిల్ల ఎవరు?" ఆ పేరు మాకు చెప్పండి. దరఖాస్తు మొదలుకొని ప్రయాణం దాకా మిగతా పని అందరం కలిసి చేద్దాం.