పొలములలో ఎలుకల నిర్మూలనము: ఒక్కరి పని కాదు, ఊరందఱి పని



సార్వా ఊడ్పులు ముగిసి నెల దాటిన పిమ్మట గట్టుమీద నిలిచి చూచు రైతునకు పైరు పచ్చగను నిండుగను కానవచ్చును. చేనిలోనికి దిగి నడిమివఱకు పోయి చూచినగాని, అచ్చట మంచము పట్టునంత మేర పిలకలు ఏటవాలుగ కొఱికివేయబడియుండుట తెలియదు. ఎలుక గట్టు చేరువనున్న పైరును విడిచి, నడిచేనినుండి కొఱుకుట మొదలుపెట్టును. కావుననే నష్టము మన కంటబడునప్పటికి కాలము మించిపోవుచున్నది.

ఒకప్పుడు డెల్టాలోని యొక గ్రామమున ఒక కౌలు రైతు, కోతకు మూడు వారములు ముందు, నన్ను తన చేనికి తోడుకొనిపోయెను. వెన్నులుండవలసిన చోట మోళ్లు మాత్రమే యుండెను. "మందు పెట్టితినండీ. నాలుగు దినములు శాంతించినవి. పక్షము తిరుగకుండ మరల వచ్చినవి. కౌలు బస్తాలలో మాత్రము ఒక్కటియు తగ్గదు గదా!" అని యతడు చెప్పెను. అతడు పెట్టిన మందులో దోషము లేదు. పెట్టిన తీరును సరియైనదే. మఱి యెలుకలు మరల ఏల వచ్చెను? ఈ ప్రశ్నకు జవాబు తెలిసికొన్న రైతునకు ఎలుకల సంగతి సగము తెలిసినట్లే.

ఎలుకల స్వభావము

మన వరి పొలములలో హాని చేయువానిలో చిన్న పందికొక్కు, మెట్ట ఎలుక, చిట్టెలుక అనునవి ముఖ్యములు. వీనిలో చిన్న పందికొక్కు మిక్కిలి చెడ్డది. ఇంగ్లీషువారి "బాండికూట్" అను మాట మన తెలుగు "పందికొక్కు" నుండియే పుట్టినది. ఆ పేరునే పిదప ఆస్ట్రేలియా దేశమున, కడుపున సంచిగల వేఱొక జంతువునకును పెట్టిరి. పేరు సముద్రము దాటినదిగాని, కొక్కు మాత్రము మన గట్టుననే నిలిచినది!

దీని బొఱియ యొద్ద క్రొత్తమట్టి కుప్పగ పోసియుండును. ద్వారమును మెత్తని మట్టితో లోపలినుండి మూసికొనును. లోపల దారులు పెక్కు. వెన్నులను కొఱికి తినుటయేగాక, బొఱియలోనికి ఈడ్చుకొనిపోయి దాచుకొనును. ఎలుక మున్పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. కొఱుకుచున్నగాని అవి యరుగవు. ఆడుఎలుక మూడు వారములు మోసి, ఈతకు సాధారణముగ ఆఱు మొదలు ఎనిమిది పిల్లలను ఈనును. ఆ పిల్లలు సుమారు మూడు నెలలలో తామును ఈనుటకు సిద్ధమగును. పైరు పొట్టకు వచ్చినది మొదలు గింజ గట్టిపడువఱకు ఆహారము సమృద్ధిగ దొరకుటచే ఈతలును ఆ కాలముననే యధికమగును.

ఇక కౌలు రైతు ప్రశ్నకు వత్తము. అతని చేనిలో ఎలుకలు చచ్చెను; బొఱియలు ఖాళీయయ్యెను. తిండి యున్నది, ఇల్లు సిద్ధముగ నున్నది, కాదనువాడు లేడు. అట్టిచోటికి ప్రక్క చేని యెలుక రాకుండునా? ఎలుకకు సర్వే రాయి తెలియదు. కావున ఒక్క రైతు తన చేనిలో చంపిన యెలుకలు ప్రక్కవాని యెలుకలకు చోటు చేసినట్లే యగును. బోదె క్రిందనున్న భూమియంతయు ఒక్కమాఱు పట్టినగాని ఫలితము నిలువదు.

ఎప్పుడు పట్టవలెను?

మనవారు సాధారణముగ ఎలుకలనుగూర్చి వెన్ను తీసిన పిమ్మట మేల్కొందురు. అది యాలస్యము. పిలకలు పెట్టు దశలో కొఱికిన దుబ్బు మరల పిలకలు వేసి కొంత కోలుకొనును. చిరుపొట్ట దశ దాటిన పిమ్మట తెగిన పిలకకు బదులు వేఱొకటి రాదు.

ఎలుకలను పట్టుటకు మొదటి మంచి కాలము వేసవి. దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టివేసినప్పుడు పొలములలో తిండి లేక, ఎలుకలు కాలువ గట్లకును, గడ్డివాములకును, చెఱకు, అరటి తోటలకును చేరును. అప్పుడవి సంఖ్యలో తక్కువ, చోట్లును తెలిసినవే. నారుమడి పోయుటకు ముందు ఒక ఆడుఎలుకను చంపుట, కోతనాటికి దాని సంతానమునంతటిని చంపుటతో సమానము. రెండవ కాలము ఊడ్చిన నెలలోపల. ఈ రెండును తప్పినచో మూడవదానికై యెంత పాటుపడినను చేకూరు లాభము స్వల్పము.

చేయవలసిన పనులు

1. గట్లు: అక్కఱకు మించి వెడల్పును ఎత్తునుగల గట్టు ఎలుకకు మేడ వంటిది. వేసవిలో గట్లు చెక్కి సన్నము చేయవలెను. కలుపును తుప్పలును తీసివేయవలెను.

2. బొఱియలను గుర్తించుట: సాయంకాలము గట్లమీది బొఱియలన్నిటిని మట్టితో మూయవలెను. మఱునాటి యుదయమున తెఱువబడినవే ఎలుకలున్న బొఱియలు. మందైనను పొగయైనను వానికే. తక్కినవానిలో పెట్టినది వ్యర్థము.

3. పొగ: అడుగున రంధ్రముగల మట్టికుండలో గడ్డి నింపి నిప్పంటించి, కుండ మూతిని బొఱియకు ఆనించి, రంధ్రమునుండి ఊదుదురు. యానాది సోదరులు ఎఱిగిన విద్య యిది. చేతితో త్రిప్పు పొగ యంత్రములును నేడు దొరకుచున్నవి. పొగ వెడలు ప్రతి చీలికను వెంటనే మట్టితో మూయవలెను; లేనిచో ఎలుకయు ఆ దారినే వెడలును. ఇందు విషము లేదు.

4. బుట్టలు: సాయంకాలము ఎలుక నడచు దారులలో పెట్టి, తెల్లవాఱగనే తీయవలెను. ఎలుకలు పట్టువారికి ఆ దారులు మనకంటె బాగుగ తెలియును.

5. మందు ఎర: 0.25 శాతము బ్రోమాడయోలోన్ మందు 20 గ్రాములు, వేరుసెనగ నూనె 20 గ్రాములు, నూకలు 960 గ్రాములు. నూకలకు ముందు నూనె పట్టించి, పిదప మందు కలుపవలెను. 15 గ్రాముల చొప్పున కాగితపు పొట్లములు కట్టి, ఎలుకలున్న ప్రతి బొఱియలోను లోతుగ నుంచవలెను. కిలో ఎర 66 పొట్లములకు వచ్చును. ఈ మందు రక్తమును గడ్డకట్టనీయదు. ఎలుక వెంటనే గాక కొన్ని దినములకు చచ్చును. కావున తక్కిన యెలుకలకు అనుమానము కలుగదు. పది దినములైన పిమ్మట మరల బొఱియలు మూసి చూచి, తెఱచినవానిలో రెండవమాఱు పెట్టవలెను. జింకు ఫాస్ఫైడు త్వరగ చంపునుగాని, కొంచెము తిని బ్రతికిన యెలుక మరల దాని జోలికి రాదు. దానికి విఱుగుడును లేదు. వ్యవసాయ శాఖవారు దగ్గఱనుండి చేయించినప్పుడు తప్ప దానిని వాడకుడు.

జాగ్రత్తలు

ఎర కలుపుటకు వంటపాత్రలను వాడరాదు. చేతులకు తొడుగులుండవలెను, కఱ్ఱతో కలుపవలెను. పిల్లలకును పశువులకును కోళ్లకును అందని చోట నుంచవలెను. ఎవరైన పొరబాటున మ్రింగినచో, బాగుగనే యున్నారుగదా యని ఊరకుండరాదు. ఈ మందు గుణము దినములు గడచినగాని బయటపడదు. వెంటనే మందు సంచితో సహా ఆసుపత్రికి తీసికొనిపోవలెను. బ్రోమాడయోలోనుకు విటమిన్ కె1 విఱుగుడు. దానిని వైద్యుడే ఈయవలెను.

చచ్చిన యెలుకలను వట్టి చేతులతో తాకక, ఏరి లోతుగ పూడ్చవలెను. ఎలుక మూత్రము కలిసిన నీటివలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వచ్చును. కాళ్లకు పుండ్లుండగ బురదలో దిగి, పిదప జ్వరమును ఒళ్లునొప్పులును కలిగినవారు ఆలస్యము చేయక వైద్యునికి చూపించుకొని, పొలములో దిగిన సంగతి చెప్పవలెను.

చేనిచుట్టు కరెంటు తీగ కట్టుట కొందఱు చేయుచున్న పాపపు పని. రాత్రివేళ నీరు పెట్టబోవు రైతో, కూలియో, మన బిడ్డయో దానిపై కాలు మోపిన క్షణములో ప్రాణము పోవును. ఏ పంటయు ఒక ప్రాణమునకు సరితూగదు.

గాలి తుపాకియు గుడ్లగూబయు

యువకులు కొందఱు గాలి తుపాకితో ఎలుకలను కాల్చరాదా యని యడుగుచున్నారు. పగలంతయు బొఱియలోనుండి, రాత్రి దట్టమైన పైరు నడుమ తిరుగుదానికి గుఱి యెట్లు కుదురును? రాత్రియంతయు మేలుకొని నాలుగింటిని కాల్చినను, ఒక్క ఈతతో ఆ లెక్క తీఱిపోవును. పైగా చీకటిలో చెట్టుమీద కదలినదెల్ల కాల్చుటవలన గుడ్లగూబ చచ్చును. అది మనకు జీతము లేని కావలివాడు. ఇంటిమీద వ్రాలిన అపశకునమని దానిని కొట్టుట అజ్ఞానము. ఎలుకలున్నచోటికే యది వచ్చును. చేలలో టీ ఆకారమున కఱ్ఱలు నాటినచో రాత్రులు దానిపై కూర్చుండి వేటాడును. జెఱ్ఱిపోతును కూడ చంపకుడు. వీనిని చంపుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. మందు తిని చచ్చిన యెలుకలను పూడ్చుమని చెప్పుటకు ఇదియు నొక కారణము. వానిని తిన్న గుడ్లగూబయు చచ్చును.

సంఘము చేయవలసినది

ఒక్కని బలము చాలనిచోట పదిమంది బలము కూర్చుటకే గదా సహకార సంఘము పుట్టినది! వేసవిలో సర్వసభ్య సమావేశము జరుపునప్పుడు ఈ విషయమును చర్చకు పెట్టుడు. బోదెవారీగ జాబితా వ్రాసి, ఒక తేదీ నిర్ణయింపుడు. ఆ సాయంకాలము అందఱును బొఱియలు మూయవలెను. మఱునాడు అందఱును పొట్లములు పెట్టవలెను. మందును సంఘమే మొత్తముగ కొని, నేర్పుగలవాని యొక్కనిచేత కలిపించి, పొట్లములు లెక్కించి పంచినచో ఖర్చు తగ్గును, ప్రమాదమును తగ్గును. ఊరిలో లేని భూస్వామి చేనును, తగవులోనున్న చేనును, కాలువ గట్టును విడువరాదు. విడిచినచో అదియే ఎలుకల కోట యగును.

బుట్టలు పెట్టువారికి తోకకింత యని యిచ్చుట వాడుక. ఎలుకలు పెరిగిన పిమ్మటనే వారికి కూలి గిట్టును. కావున వారును అప్పుడే వత్తురు. ఆ దోషము వారిది కాదు, మన బేరముది. ఎకరమునకింత యని ముందుగ నిర్ణయించి, వేసవిలోను ఊడ్చిన నెలలోను పిలిచినచో, వారికి నికరమైన కూలియు మనకు నికరమైన పంటయు దక్కును.

ఆ కౌలు రైతు మరల ఎదురైనచో నేను చెప్పునది యింతే: "అయ్యా, మీ మందు మంచిదే, మీ కష్టమును మంచిదే. లోపించినది మీ పొరుగువాని సాయము." ఆ పొరుగువారు మనమే.