కొండల నడుమ ఒక ఊరి జట్టు

ఫుట్‌బాలు ఆటలో గెలుపోటములు తొంబది నిమిషములలో తేలిపోవును. కాని ఒక జట్టు బ్రదుకునా, మాయునా అనునది తేలుటకు ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును. దానిని తేల్చువారును ఆటగాండ్రు మాత్రమే కారు. మైదానము చుట్టును కూర్చుండి చూచువారు కూడ.

జపాను దేశమున కోఫు నగరమునకు చెందిన జట్టొకటి కలదు. దాని పేరు వాన్‌ఫోరే కోఫు. ఆ దేశపు వృత్తిక్రీడాకారుల లీగులో ఇది చాలకాలము రెండవ శ్రేణిలోనే ఆడినది. దీనికి కోటీశ్వరుడైన యజమాని లేడు. పెద్ద కర్మాగారపు అండ లేదు. 2001లో మూతపడుటకు సిద్ధముగ నుండిన ఈ జట్టు 2022లో జపాను చక్రవర్తి పేర జరుగు కప్పు పోటీని గెలిచినది. ఇది యెట్లు సంభవించెనో ఈ ప్రసంగమున మేము తెలుపనెంచితిమి.

కోఫు నగరము యమనషి మండలమునకు ముఖ్యపట్టణము. టోక్యోకు పడమరగా వేగపు రైలుబండిమీద గంటన్నర ప్రయాణము. నలువైపుల కొండలు, దక్షిణదిశను ఫ్యూజి శిఖరము. ద్రాక్షతోటలకును, పీచు పండ్లకును ఈ ప్రాంతము పేరుపొందినది. నగరపు జనసంఖ్య రెండు లక్షలకు లోపు. మండలమంతయు కలిసి సుమారు ఎనిమిది లక్షలు. టోక్యో, ఒసాకాలవంటి మహానగరముల జట్టులతో పోల్చినచో ఇది చిన్న ఊరనియే చెప్పవలెను. పదునారవ శతాబ్దమున టకెడా షింగెన్ అను వీరుడు ఈ ప్రాంతము నేలెను. అతని ధ్వజమున గాలి, అడవి, నిప్పు, కొండ అను నాలుగు సంకేతము లుండెడివి. వృత్తిక్రీడల కాలము వచ్చినపుడు ఈ జట్టు తన పేరును ఆ ధ్వజమునుండియే తీసికొన్నది. ఫ్రెంచి భాషలో గాలికిని అడవికిని గల పదములను కలిపి వాన్‌ఫోరే అని పెట్టుకొనిరి.

జట్టు చరిత్ర తెలియవలెనన్న జపాను ఫుట్‌బాలు చరిత్రను కొంచెము చూడవలెను. అచట ఈ ఆట మొదట విద్యాలయములలోను, తరువాత పెద్ద కంపెనీలలోను పెరిగినది. కంపెనీ జట్టనగా, ఆటగాడు ఆ కంపెనీ ఉద్యోగి. జీతము అచటనే, సాధనయు అచటనే. ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. హైదరాబాదు పోలీసు జట్టు అట్టిదే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలోనే భారతజట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకము సాధించెను. ఆ పోటీలలో మనవారు జపానును రెండు గోలులతో ఓడించిరి. కాని జపాను అంతటితో ఊరకుండలేదు. జర్మనీ దేశపు శిక్షకుడు డెట్మార్ క్రామర్ సలహాను మన్నించి 1965లో ఎనిమిది కంపెనీ జట్టులతో జాతీయ లీగును నెలకొల్పెను. ఆ లీగున మొదటి విజేత హిరోషిమా నగరమునందలి టోయో కోగ్యో అను మోటారు కంపెనీ జట్టు. ఈ కంపెనీయే తరువాత మాజ్డా అను పేర ప్రసిద్ధమైనది. ఈ హిరోషిమా జట్టును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని మా మనవి. కథ చివర ఇది మరల వచ్చును.

సరిగా ఆ 1965వ సంవత్సరముననే కోఫు నగరమున కోఫు క్లబ్బు అను సంఘము ఏర్పడెను. అచటి ఒక ఉన్నతపాఠశాల పూర్వవిద్యార్థుల ఆటబృందము దీనికి మూలము. ఇది ఏ కంపెనీకిని చెందినది కాదు. ఇందలి ఆటగాండ్రు వేర్వేరు పనులు చేసికొనుచు తీరికవేళల ఆడువారు. 1972లో జాతీయ లీగునకు రెండవ శ్రేణి ఏర్పడగా కోఫు క్లబ్బు అందు చేరెను. ఇరువది యేండ్లు అచటనే నిలిచెను. ఒకనాడును మొదటి శ్రేణికి ఎక్కలేదు. కంపెనీ లెక్కలు మారినచో కంపెనీ జట్టు రద్దగుట కలదు. ఈ ఊరి సంఘమునకు మాత్రము అట్లు రద్దుచేయు పైయధికారి లేడు.

1993లో జపానున వృత్తిక్రీడల యుగము ఆరంభమైనది. జె. లీగు అను క్రొత్త లీగు పది జట్టులతో వెలసెను. జట్టు పేరున ఊరి పేరుండవలెను, కంపెనీ పేరుండరాదు అని నియమము చేసిరి. పేరులు మారినను పెక్కు జట్టుల వెనుక పాత కంపెనీలు నిలిచియే యుండెను. హిరోషిమా వెనుక మాజ్డా, కషివా వెనుక హిటాచి, కషిమా వెనుక సుమిటోమో ఉక్కుసంస్థ. 1999లో ఈ లీగునకును రెండవ శ్రేణి ఏర్పడినప్పుడు కోఫు అందు పది జట్టులలో ఒకటిగా చేరెను. ఈ శ్రేణుల పద్ధతిని ఒక్కమాటలో చెప్పెదము. ఏటేట పై శ్రేణిలో అడుగున మిగిలిన జట్టులు క్రిందికి దిగును. క్రింది శ్రేణిలో ముందు నిలిచినవి పైకెక్కును.

కోఫు జట్టు ఎక్కుట అటుండగా, ఉన్నచోటనే కూలబడెను. 1999, 2000, 2001 మూడేండ్లును రెండవ శ్రేణిలో కట్టకడపటి స్థానము దీనిదే. 2000లో ఒక దశలో వరుసగా 19 ఆటలు ఓడిరి. ఆట చూడవచ్చువారు సగటున రెండువేలకు లోపు. ఆ యేటి చివర లెక్కలు చూడగా అప్పులు ఆస్తులను మించెను. అప్పటికి జట్టు ఒక వాటాల కంపెనీగా మారియుండెను. యమనషి మండల ప్రభుత్వము, కోఫు నగరము, పొరుగుననున్న నిరసాకి నగరము, స్థానిక దినపత్రికా సంస్థ అందు ముఖ్యమైన వాటాదారులు. ప్రజల పన్నుల ధనమును నిత్యము ఓడెడి జట్టుపై వెచ్చింపవచ్చునా యని పలువురు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు.

తుదకు వాటాదారులు 2001వ సంవత్సరమును గడువుగా పెట్టి మూడు షరతులు విధించిరి. ఆటకు సగటున మూడువేల ప్రేక్షకులు రావలెను. జట్టును పోషించు సభ్యులు ఐదువేలమంది చేరవలెను. ప్రకటనల మూలమున ఐదుకోట్ల యెన్‌లు వసూలు కావలెను. ఈ మూడింటిలో ఏది తప్పినను మూతయే. ఇచట శ్రోతలు గమనింపదగిన విషయ మొకటి కలదు. ఈ షరతులలో గెలుపు అను మాటయే లేదు. ఈ జట్టు గెలుచునా యని కాదు, ఈ ఊరికి ఈ జట్టు కావలెనా యని వారు అడిగిరి.

ఆ యేట జట్టు అధ్యక్షుడుగా వచ్చిన కజుయుకి ఉమినో స్థానిక వార్తాసంస్థలో పనిచేసినవాడు. పెద్ద కంపెనీ ఒకటియు చేయి అందీయనందున ఆయన చిన్న అంగళ్ల గడప లెక్కెను. ఒక్కొక్కరు ఇచ్చునది కొద్ది మొత్తమే. కాని ఇచ్చువారు అనేకులైరి. డబ్బు ఈయలేనివారు పని ఇచ్చిరి. ఆటగాండ్ర దుస్తులను ఉతికి యిచ్చుట ఒక చాకలి దుకాణపువారి చందా. మైదానము చుట్టును చిన్న చిన్న ప్రకటనల పలకలు నిండెను. క్రమముగ, గాయపడిన ఆటగానిని మోసికొనిపోవు స్ట్రెచరు మీద సైతము ప్రకటన వెలసెను. దానిని చూచి ప్రేక్షకులు నవ్వుకొందురు. కాని ఆ నవ్వులోనే ఆ ప్రకటన అందరికిని గుర్తుండిపోవును.

సంవత్సరము ముగిసెను. జట్టు మరల కడపటి స్థానముననే నిలిచెను. అయినను మూడు షరతులును నెరవేరెను! అంతకు ముందటికంటె ఎక్కువమంది వచ్చి, ఓడుచున్న జట్టును చూచి, మరల మరుసటి ఆటకు వచ్చిరి. కోఫు కథలో దీనికి మించిన విజయము లేదని మా తలంపు. తరువాత వచ్చినవన్నియు దీనిమీద కట్టినవే.

తరువాతి ఘట్టము 2005. శిక్షకుడు టకేషి ఓకి వేగముగ బంతిని అందించుకొను ఆటను నేర్పెను. రెండవ శ్రేణిలో మూడవ స్థానము పొందిన కోఫు, మొదటి శ్రేణిలోని కషివా జట్టుతో రెండు ఆటలు ఆడి గెలిచినచో పైకెక్కును. సొంత మైదానమున జరిగిన మొదటి ఆట ముగియబోవు సమయమున దీపములు ఆరిపోయెను. కొంతసేపు చీకటిలో వేచియుండి ఆట ముగించిరి. కోఫు 2-1తో గెలిచెను. కషివా ఊరిలో జరిగిన రెండవ ఆటలో 6-2తో గెలిచెను. ఆ ఆరు గోలులును బ్రెజిలు దేశపు ఆటగాడు బారే ఒక్కడే వేసెను. నాలుగేండ్ల క్రిందట మూతపడవలసిన జట్టు మొదటి శ్రేణి చేరెను.

చేరుట వేరు, నిలుచుట వేరు. 2007లో దిగిరి, 2010లో ఎక్కిరి, 2011లో మరల దిగిరి. 2012లో వరుసగా 24 ఆటలు ఓటమి లేకుండ ఆడి రెండవ శ్రేణి విజేతలై పైకెక్కి, 2013 నుండి 2017 వరకు ఐదేండ్లు మొదటి శ్రేణిలో నిలిచిరి. పేద జట్టునకు మరియొక బాధ కలదు. పేరు తెచ్చుకొన్న ఆటగాడు ధనికుల జట్టునకు పోవును. 2015లో కోఫులో వృత్తి మొదలుపెట్టిన జున్యా ఇటో మరుసటి యేడే కషివా చేరి, పిదప ఐరోపాలో ఆడి జపాను జాతీయజట్టున ప్రసిద్ధుడయ్యెను. హిరోషిమా జట్టునకు నాయకుడైన షో ససాకియు మొదట కోఫులో ఎదిగినవాడే. విత్తనము చల్లుట ఒక ఊరిది, పంట కోయుట మరియొక ఊరిది.

ఇక 2022. జపానులో 1921 నుండి చక్రవర్తి కప్పు పోటీ కలదు. ఓడిన జట్టు అంతటితో తప్పుకొనవలసిన పోటీ యిది. విశ్వవిద్యాలయముల జట్టులు మొదలు మొదటి శ్రేణి జట్టులవరకు ఇందు పాల్గొనవచ్చును. ఆ యేట లీగులో కోఫు స్థితి బాగుగ లేదు. 22 జట్టులలో తుదకు 18వది. కాని కప్పు పోటీలో సప్పోరో, టోసు, ఫుకువోకా, కషిమా అను నాలుగు మొదటి శ్రేణి జట్టులను ఒకదాని వెంట నొకటి ఓడించి అంతిమపోటీ చేరెను. అక్టోబరు 16వ తేదీన యొకొహామాలో ఎదుట నిలిచినది హిరోషిమా. 1965లో మొదటి లీగును గెలిచిన కంపెనీ జట్టు వారసులు ఒకవైపు. ఆ యేడే పుట్టిన ఊరి సంఘపు వారసులు మరియొకవైపు!

మొదట కోఫు ఒక గోలు వేసెను. ఆట చివర హిరోషిమా సరిచేసెను. అదనపు సమయమున హిదెయోమి యమమోటో ఆటలోనికి దిగెను. అతనికి 42 ఏండ్లు; 2003 నుండి కోఫును విడువక ఆడుచున్నవాడు. దురదృష్టవశమున బంతి అతని చేతికి తగిలెను. హిరోషిమాకు పెనాల్టీ లభించెను. ఇరువది యేండ్ల సేవ ఆ ఒక్క తప్పుతో ముగియునా యని చూచువారు నిశ్చేష్టులైరి. గోలుకీపరు కోహెయి కవాటా దూకి బంతిని ఆపెను. ఆట సమముగ ముగిసి, ఇరువైపుల ఐదేసి పెనాల్టీలు తన్నవలసి వచ్చెను. కవాటా మరియొకదానిని ఆపెను. కోఫు తరపున ఐదవవాడుగా బంతివద్దకు వచ్చినవాడు యమమోటోయే. అతడు తన్నెను, గోలాయెను. 5-4తో కప్పు కోఫుకు దక్కెను.

ఈ విజయముచే 2023లో ఆసియా ఖండపు పోటీలో ఆడు అర్హత లభించెను. కోఫు మైదానము ఆ పోటీల నియమములకు సరిపోకుండుటచే సొంత ఆటలను టోక్యోలోని జాతీయ క్రీడారంగమున ఆడవలసి వచ్చెను. అంతదూరము ఎవరు వచ్చెదరను భయము కలిగెను. వచ్చినవారు ఒక్కొక్క ఆటకు పదివేలకు మించిరి. వారిలో ఇతర జట్టుల అభిమానులు అనేకులు. తమ తమ జట్టుల దుస్తులు ధరించియే వచ్చి కోఫు కొరకు కేకలు వేసిరి. మెల్బోర్న్ సిటీ, చైనాకు చెందిన చెజియాంగ్, థాయిలాండునకు చెందిన బురిరాం జట్టులతో కూడిన వర్గమున కోఫు ప్రథమస్థానము పొందెను. తరువాత కొరియా దేశపు ఉల్సాన్ జట్టు చేతిలో ఓడెను.

ఈ కథను చెప్పి, ధనము లేకున్నను అన్నియు సాధ్యమేయని మేము చెప్పబోము. 2018 నుండి కోఫు రెండవ శ్రేణిలోనే ఆడుచు వచ్చినది. మంచి ఆటగాండ్రను నిలుపుకొనుట దానికి ఎన్నడును సులభము కాలేదు. కాని ఒక జట్టు ఎవరిది అను ప్రశ్నకు కోఫువారు 2001లోనే ఉత్తరమిచ్చిరి. ఆ యేట తమ జట్టు అడుగుననున్నదని తెలిసియు, చలిలో మైదానమునకు వచ్చి మూడువేల లెక్క నింపినవారున్నారు. చక్రవర్తి కప్పులో వారికిని వంతు కలదు.