పెద్ద పనికి తొలి మెట్టు

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. పూనుకొన్న తరువాతగాని ఆయా కార్యాల బరువు తెలియదని ఆ మాటకు అర్థం. కంప్యూటర్ కోసం ఒక పెద్ద ప్రోగ్రామును రూపొందించడం కూడా అటువంటి కార్యమే. అయితే ఇందులో మరొక చిక్కు ఉంది. ఇల్లు కట్టేవానికి పునాది ఎక్కడ తీయాలో తెలుసు. ప్రోగ్రాము రాయబూనినవానికి మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. అందుచేతనే ఎందరో ఉత్సాహవంతులు ఖాళీ తెర ముందు కూర్చుండి, తొలి పంక్తి రాయకముందే ప్రయత్నాన్ని విరమించుకుంటారు. పనినంతటినీ ఒక్కసారిగా చూడడమే ఈ భయానికి మూలం.

ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆరంభంలో ఒక కొత్త కంప్యూటర్ కొనుక్కున్నాడు. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. ఆ కంప్యూటర్‌లోని ప్రాసెసర్ పనితీరును తెలుసుకోవాలన్న కుతూహలంతో ఒక చిన్న ప్రయోగం చేశాడు. ఒక పని ‘ఎ’ అక్షరాన్ని, మరొక పని ‘బి’ అక్షరాన్ని తెరపై చూపుతుండగా, ప్రాసెసర్ ఆ రెండింటి మధ్య మారుతూ ఉండాలి. తరువాత ఆ ప్రయోగాన్నే ఇంటినుండి విశ్వవిద్యాలయపు కంప్యూటర్‌తో సంబంధం పెట్టుకొనే సాధనంగా మలచాడు. అక్కడి ఫైళ్ళను తన వద్ద దాచుకోవాలంటే డిస్కును నడిపే భాగం అవసరమైంది. ఆపై ఫైళ్ళను క్రమంగా అమర్చే వ్యవస్థ కావలసివచ్చింది. ఈ విధంగా ఒక అవసరం మరొకదానికి దారి చూపగా, ఆ ప్రయోగం ‘లైనక్స్’గా ఎదిగింది. 1991 సెప్టెంబరులో వెలువడిన దాని తొలి రూపంలో సుమారు 10,000 పంక్తులున్నాయి. 1994 మార్చిలో 1.0 రూపం వచ్చేనాటికి అవి 1,76,000 దాటాయి. నేడు ఆ సంఖ్య మూడు కోట్లకు పైమాటే. ఆండ్రాయిడ్ ఫోన్లకు కూడా ఆధారం లైనక్సే. ఇంతటి నిర్మాణానికి తొలినాటి లక్ష్యం తెరపై రెండు అక్షరాలు!

ఈ పద్ధతిని మనకు పరిచయమైన పనికి అన్వయించి చూద్దాం. మీ కళాశాల గ్రంథాలయానికి ఒక ప్రోగ్రాము రాయాలని తలచారనుకుందాం. పుస్తకాల జాబితా, సభ్యుల వివరాలు, గడువు తేదీలు, జరిమానాలు, నివేదికలు అంటూ పని కొండలా కనిపిస్తుంది. మొదట గ్రంథపాలకుని వద్దకు వెళ్ళి, ఆయన రిజిస్టరును పరిశీలించాలి. ప్రోగ్రాముకు ఏ వివరాలు అందుతాయో, అది ఏ సమాధానాలు ఇవ్వాలో కాగితంపై రాసుకోవాలి. ఇప్పటికి చేయనవసరం లేనివి ఏవో కూడా రాసుకోవాలి. ఆ తరువాత అతి చిన్న పూర్తి పనిని ఎంచుకోవాలి. ఒక పుస్తకం ఒక విద్యార్థికి ఇచ్చినట్లు నమోదు కావాలి. తిరిగి వచ్చినట్లు నమోదు కావాలి. కంప్యూటర్‌ను ఆపి మళ్ళీ తెరిచినా ఆ వివరం చెక్కుచెదరకుండా ఉండాలి. ఇంతవరకు సాధిస్తే పునాది పడినట్లే.

చిన్నదే అయినా ఈ పునాది పెద్ద పొరపాట్లను ముందే పట్టి ఇస్తుంది. ఉదాహరణకు ఒకే పుస్తకానికి నాలుగు ప్రతులుంటే, ఎవరి వద్ద ఏది ఉన్నదో పేరును బట్టి చెప్పలేము. రిజిస్టరులో ప్రతి ప్రతికీ వేరు సంఖ్య ఎందుకు వేశారో అప్పుడు బోధపడుతుంది. ఈ సంగతి తొలివారంలో తెలిస్తే సవరణకు ఒక పూట చాలు. రంగురంగుల తెరలన్నీ తీర్చిదిద్దిన తరువాత తెలిస్తే నెలల శ్రమ వృథా అవుతుంది. కాబట్టి సందేహం ఎక్కువగా ఉన్న భాగాన్నే ముందుగా పరీక్షించాలి. సులభమైన అలంకారాలను వెనుకకు ఉంచాలి.

ప్రతి చిన్న మార్పు తరువాత ప్రోగ్రామును నడిపి చూడడం, సరిగా పనిచేసిన రూపాన్ని భద్రపరచడం అలవరచుకోవాలి. అప్పుడు రేపటి పొరపాటు నిన్నటి కృషిని చెరపలేదు. ఇందుకు నేడు విరివిగా వాడే ‘గిట్’ అనే సాధనాన్ని 2005 ఏప్రిల్‌లో టోర్వాల్డ్సే ప్రారంభించాడు. కొద్ది రోజులకే అది తన సొంత మార్పులను తానే భద్రపరచుకోగలిగింది.

కాలాన్ని అంచనా వేయడంలో మాత్రం మహామహులు కూడా తడబడ్డారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్ తన గ్రంథపు అచ్చు ప్రతులలో అక్షరాల తీరు నచ్చక, 1977లో ‘టెక్’ అనే అక్షర కూర్పు ప్రోగ్రామును తలపెట్టాడు. ఏడాదిలో ముగుస్తుందనుకున్న ఆ పని సుమారు పదేళ్ళు సాగింది. అయినప్పటికీ 1978లోనే దాని మొదటి రూపం పనిచేసింది. ఆ అనుభవంతో ఆయన దానిని దాదాపు పూర్తిగా తిరిగి రాయగా, 1982లో కొత్త రూపం వెలువడింది. మొదటి రూపమే చివరి రూపం కానక్కరలేదని దీనివల్ల గ్రహించవచ్చు.

విద్యార్థులారా! ఎంత పెద్ద ప్రోగ్రాము అయినా ఒక పంక్తి తరువాత మరొక పంక్తిగానే రూపుదిద్దుకుంటుంది. మీరు తలపెట్టిన పనిలో ఈ సాయంత్రానికి పూర్తి కాగల భాగం ఏదో గుర్తించండి. దానిని నడిపి చూడండి. రేపు చేయవలసినదేమిటో అదే చెబుతుంది.