తొట్లకొండ పేరు చెప్పిన కథ

విశాఖపట్టణమునుండి సముద్రపు టొడ్డుబాటను భీమునిపట్టణమునకు పోవువారికి కుడిప్రక్క కడలియు, ఎడమప్రక్క కొండలును తోడుగా వచ్చును. ఆ కొండలలో ఒకటి తొట్లకొండ, మరియొకటి బావికొండ, భీమిలి చేరువనున్నది పావురాలకొండ. ఇవి పండితులు పెట్టిన పేర్లు కావు. కట్టెలకో, పశువుల మేపునకో కొండ యెక్కినవారు రాతిలో తొలిచిన తొట్లను చూచి తొట్లకొండ యని యుందురు. ఆ తొట్లను తొలిచిన వారెవరో, ఎందులకో మాత్రము జనులు మరచిపోయిరి.

1976లో నౌకాదళమువారు స్థావరమునకై సర్వే జరుపునప్పుడు తొట్లకొండపై శిథిలము లున్నట్లు తెలియవచ్చినది. 1988 మొదలు 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖవారు త్రవ్వించగా మహాస్తూపము, చైత్యగృహములు, భిక్షువుల విహారములు, భోజనశాల బయటపడినవి. బావికొండ త్రవ్వకములు అంతకు పూర్వమే, 1982–87 నడుమ జరిగినవి. క్రీస్తునకు పూర్వపు శతాబ్దములనుండి ఈ కొండలపై భిక్షుసంఘములు నివసించినవి. బోడికొండమీద అంతమంది బ్రతుకు సాగవలెనన్న వాననీటిని రాతిలో పట్టి నిలువచేసికొనక తప్పదు. తొట్ల రహస్య మింతే. శాతవాహనుల నాణెములతోపాటు రోమను వెండి నాణెములును అచ్చట దొరకుటచే, ఈ తీరమునకు దూరదేశపు వర్తకముతో గల సంబంధమును తేటపడినది.

పల్లెవారి నోట నిలిచిన పేరు చరిత్రకు దారి చూపునని దీనివలన తెలియును. కాని అన్నిచోట్లను అట్లు జరుగదు. దక్షిణమునకు పోయి కృష్ణా డెల్టాలోని భట్టిప్రోలును చూడుడు. అచ్చటి మహాస్తూపమును జనులు లంజదిబ్బ యని పిలిచిరి. బుద్ధుని ధాతువుల నుంచిన పుణ్యస్థలమున కెట్టి పేరు దక్కినదో! పేరుతోపాటు గౌరవమును పోయినది. పందొమ్మిదవ శతాబ్దమున దాని ఇటుకలు బాటకును, చలువరాళ్లు వెల్లటూరు కాలువ తూమునకును తరలిపోయినవి. ఆ పని చేసినవారు గజదొంగలు కారు, ప్రభుత్వపు ఇంజనీర్లే. మిగిలిన దానిలో 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించగా లేఖనములు గల ధాతుకరండములు లభించినవి. తెలుగు లిపి పుట్టుకను వెదకువారందరును నేటికిని తడిమి చూచు అక్షరములవి. తూము కడుపులోనికి పోయిన రాళ్లపై ఏమి యుండెనో ఇక నెవరు చెప్పగలరు?

కావలివానిని పెట్టి కంచె వేసినంత మాత్రమున ఇట్టి నష్టము ఆగదు. పొలము దున్నునప్పుడు పెంకు మొదట రైతు కంటబడును. కొండచరియ విరిగినప్పుడు ఇటుకవరుస మొదట గొల్లపిల్లవాని కంటబడును. వారికి దాని విలువ తెలియవలెను. పెంకును ఇంటికి తెచ్చి గూటిలో పెట్టుకొన్నను కీడే. ఏ పొరలో, దేని ప్రక్కన పడియున్నదో తెలియని పెంకు సగము మూగది. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన పాతర దొరికినచో కలెక్టరునకు తెలుపవలెను. ఎందరు రైతులకు ఈ సంగతి తెలియును? తెలిసినవారికిని భూమి పోవునేమోనను భయము. ఈ భయమును తీర్చువారు లేనంతకాలము నాణెములు కంసాలి మూసలోనికే పోవును.

కడలి కోతకు లోబడిన స్కాట్లండు తీరమున, 2012–16 నడుమ సెంటాండ్రూస్ విశ్వవిద్యాలయములోని పరిశోధకులు ఊరివారికే శిక్షణ నిచ్చి, ఒడ్డు వెంబడి ప్రాచీనస్థలముల స్థితిని వారిచేతనే నమోదు చేయించిరి. నిత్యము ఒడ్డున నడచువాడే మార్పును ముందుగా పసిగట్టునని వారు గుర్తించిరి. మనకు మాత్రము ఆ పాటి జనులు లేరా?

ఉన్నారు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు ఆదిమానవుని చిన్నరాతి పనిముట్లు దొరకిన చోటు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటింపబడినది. 2024లో ఆ దిబ్బల చేరువ భూమిని యంత్రములతో చదును చేయుచుండగా పౌరులు గొంతెత్తిరి, పనులు నిలిచినవి. అంతకుముందు 2019 అక్టోబరు వానలకు తొట్లకొండపై పునరుద్ధరించిన మహాస్తూపము కొంత కూలినప్పుడును నగరవాసులే ముందుగా కలతచెందిరి. అయితే ఈ ఆరాటము నగరపు విద్యావంతులలో నున్నంతగా కొండ దిగువ పల్లెలలో లేదు. అది వారి తప్పు కాదు. తొట్లకొండపై దొరకినదేమో వారి బడిలో ఎవరును చెప్పలేదు.

నగరము ఉత్తరమునకు పెరుగుచున్నది. చేనుల పేర్లు పోయి కాలనీల పేర్లు వచ్చుచున్నవి. భీమిలి ప్రాంతపు ప్రతి బడిలోను పై తరగతి పిల్లలు తమ తాతలను, అవ్వలను అడిగి దిబ్బల, చెరువుల, గుంటల, చేనుల పేర్లను, వాని వెనుక కథలను ఒక పుస్తకములో వ్రాయవచ్చును. పేరు ఏ చోటిదో గ్రామపటముపై గుర్తింపవలెను. ఉపాధ్యాయుడు ఏడాదికొకమారు వారిని కొండ యెక్కించి తొట్లను చూపవలెను. ఆ పుస్తకపు ప్రతి యొకటి బడిలోను, మరియొకటి పురావస్తు శాఖవారి కార్యాలయములోను ఉండవలెను.